పెద్దాయన హోరు

చిలక గొంతు ఊరంతా విన్నది. కాకపోతే ఒక్క వాక్యానికి మించి ఎవరూ వినలేదు.

"తలుపులు మూసుకుంటున్నాయి." అది చిలకే. "మీరు మూడో అంతస్తుకు చేరుకున్నారు." అదీ చిలకే. ఆసుపత్రి లిఫ్టులో, బట్టల షాపు లిఫ్టులో, కార్లు నిలిపే నేలమాళిగలో, ఎక్కడ ఇనప తలుపు కదిలితే అక్కడ ఆమె గొంతు. వాళ్ళ మావయ్య లిఫ్టు ఎక్కినప్పుడల్లా "సరేనమ్మా, నువ్వూ వేళకి తిను" అని జవాబు చెప్పి దిగేవాడు. మిగతావాళ్ళు తర్వాతి లిఫ్టులో వచ్చేవాళ్ళు.

చిన్నప్పుడు దారిలో కనిపించిన ప్రతి బోర్డునూ పైకి చదివేదని ఆమెకు ఆ పేరు పడింది. పెద్దయ్యాక అదే కూడు పెట్టింది. ఆమె ఇంతవరకు చదివిన అతి పెద్ద వాక్యం, "బరువు ఎక్కువైంది, చివరగా ఎక్కినవారు దయచేసి దిగిపోగలరు." అది చదివిన రోజు ఇంటిల్లిపాదికీ ఐస్‌క్రీమ్ తెచ్చింది.

అలాంటి చిలక చెవిన ఒక కబురు పడింది. పుస్తకాలను గొంతుతో చదివించి అమ్మే ఒక కంపెనీకి సముద్రయానం నవల చదివేందుకు మనిషి కావాలట. ఏడు భాగాలు. ఒక్కో భాగం ఇటుకంత. అందులో ఒక తుఫాను ఏకంగా ఒక అధ్యాయమంతా వీస్తుంది. మధ్యలో ఎక్కడా తలుపులు మూసుకోవు. చిలకకు ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆ నవల తనకు రాకపోతే మిగతా జీవితమంతా లిఫ్టులోనే గడిచిపోతుందని ఆమెకు నిశ్చయంగా తెలిసిపోయింది.

నమూనా చదివి పంపింది. తిప్పి పంపారు. మళ్ళీ పంపింది. ఈసారి కంపెనీలో శబ్దాలు పరీక్షించే ఆవిడే ఫోన్ చేసింది. చీమ తుమ్మినా ఏ చీమో చెప్పగల చెవులు ఆవిడవి. అందుకని మావయ్య ఆవిడకు చెవులమ్మ అని పేరు పెట్టాడు.

"గొంతు బంగారమమ్మా," అంది చెవులమ్మ. "కానీ ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకు. మీ ఇల్లు విమానాశ్రయం లోపలా, బయటా?"

అది విమానం కాదు. పెద్దాయన.

పెద్దాయన అంటే చిలక లాప్‌టాప్. వయసెంతో ఇంట్లో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. మామూలు పనులకు మంచివాడే. రికార్డింగ్ మొదలుపెడితే మాత్రం లోపలి ఫ్యాను నిద్రలేచేది. మొదట పిల్లి గురక, తర్వాత పిండిమర, ఆపైన హోరు. ఆ హోరుకు బాల్కనీలో పావురాలు కుటుంబాలతో సహా వలసపోయాయి. కింది ఇంటాయన ఒకసారి గోధుమల మూట భుజాన వేసుకుని పైకి వచ్చాడు, కిలో ఎంతకు ఆడిస్తారో కనుక్కుందామని.

ఇక వేడి. చిలక రికార్డు చేసేది పాత చెక్క బీరువాలో. లోపల గోడలకు బొంతలు వేలాడదీసుకుని, ఒళ్ళో పుస్తకం, ముందు మైకు పెట్టుకుని తలుపు వేసుకునేది. మైకు తీగ పొట్టిది కాబట్టి పెద్దాయన కూడా లోపలే కూర్చోవాలి. కాసేపు చదివి బయటకు వస్తే ఆమె ఉతికి పిండడం మరిచిపోయిన దుప్పటిలా ఉండేది. ఆ వేడి వల్ల బాగుపడింది అమ్మమ్మ ఒక్కతే. చిలక పని అయిపోవడం ఆలస్యం, పెద్దాయనను ఒళ్ళోకి తీసుకుని మోకాళ్ళకు కాపడం పెట్టుకునేది.

"డాక్టరు ఇచ్చిన నూనె కంటే ఈయనే నయమే," అనేది. "నూనెకు పలకరింపు తెలీదు."

కొత్త లాప్‌టాప్ కొనాలని ఇంట్లో అందరూ ఒప్పుకుని చాలా కాలమైంది. చిలక డబ్బు కూడా దాచుకుంది. కొనకపోవడానికి కారణం ఇంట్లోని ఇద్దరు మగవాళ్ళు.

ఒకరు మావయ్య, అంటే అమ్మమ్మ కొడుకు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. పెళ్ళి చేసుకోలేదు, అడిగితే పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కడమే అలవాటైందనేవాడు. రెండోవాడు బావ, అంటే చిలక అక్క మొగుడు. పళ్ళ డాక్టరు. ఇద్దరికీ లాప్‌టాప్‌తో పడే పని ఏదీ లేదు. కానీ లాప్‌టాప్ లోపలి ప్రాసెసర్ గురించి మాట్లాడమంటే మాత్రం వడ్డించిన అన్నం వదిలేసి వచ్చేవారు.

ప్రాసెసర్ అంటే ఆ పెట్టెకు మెదడు. ఆ మెదళ్ళు చేసే కంపెనీలు రెండు. ఒకదాని గుర్తు డేగ, ఇంకోదాని గుర్తు చిరుత. ఎవరి మెదడు ఉంటే వాళ్ళ గుర్తు స్టిక్కరు లాప్‌టాప్ మీద ఉంటుంది. మావయ్య డేగ పక్షం. బావ చిరుత పక్షం. డేగ ఒక కొత్త మెదడు తెస్తే, చిరుత దాని తల దన్నేది తెస్తుంది. అది చూసి డేగకు కడుపు మండుతుంది. చిలక పర్సు తీసిన ప్రతిసారీ ఇద్దరిలో ఒకరు చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు, వచ్చే నెల మాది ఇంకోటి దిగుతోంది," అనేవారు. ఈ వెతుకులాట మొదలైనప్పుడు బావకు నెత్తినిండా జుట్టుండేది.

"పన్నెండు కోర్లు మావయ్యగారూ," అన్నాడు బావ ఒక ఆదివారం, కాఫీ కప్పు పట్టుకుని. "అంటే లోపల పన్నెండుమంది పనివాళ్ళన్నమాట. మీ డేగలో ఎనిమిదిమందే. పాపం, ఎంత అలిసిపోతారో."

"మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అల్లుడుగారూ. ఒకే కార్లో నలుగురు స్టీరింగ్ పట్టుకుంటే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. ఆ గోడ ఇప్పటికీ కట్టలేదు. మాది వేగం చూడండి, వేగం."

"వేగం గురించి తమరే చెప్పాలి. రెండో గేరు దాటి ఎన్నేళ్ళయింది?"

"తమరు మాత్రం పుచ్చుపన్ను పీకమంటే దాని పక్కదాన్ని పీకి, ముందుజాగ్రత్త అంటారు."

గారూ తమరూ తగ్గకుండా తిట్టుకోవడంలో ఇద్దరూ ఆరితేరినవాళ్ళు. చెయ్యెత్తి దణ్ణం పెడుతున్నారో చెంప మీద కొడుతున్నారో కొత్తవాళ్ళకు తెలిసేది కాదు.

"ఒరేయ్," అంది అమ్మమ్మ కొడుకుతో, పెద్దాయనను ఎడమ మోకాలి నుంచి కుడి మోకాలికి మార్చుకుంటూ. "ఆ పిల్లకి కావాల్సింది చప్పుడు లేనిది. మీ ఇద్దరికీ దొరకనిది కూడా అదే."

అమ్మమ్మ నోటివాక్కో ఏమో, ఆ నెలలోనే డేగా చిరుతా రెండూ ఫ్యానే లేని లాప్‌టాప్‌లకు మెదళ్ళు తెచ్చాయి. ఫ్యాను లేకపోతే హోరు లేదు. మావయ్య, బావ ఆ సంగతి ఒకేసారి చదివి, ఒకేసారి తలెత్తి, జీవితంలో మొదటిసారి ఒకరినొకరు చూసి ఏమీ అనలేకపోయారు.

ఆ లోటు మర్నాడే తీర్చుకున్నారు. రెంటిలో ఏది? లాప్‌టాప్‌ల షాపాయన రెండూ ఇంటికి ఇచ్చి పంపాడు, వాడి చూసి నచ్చింది ఉంచుకోమని. ఆయన అంత మంచివాడు కావడానికి కారణం ఉంది. ఆయన దంతం ఒకటి సగం పనిలో బావ దగ్గర ఉంది, డ్రైవింగ్ పరీక్ష ఒకటి మావయ్య దగ్గర ఉంది. ఎటు మొగ్గినా ఇంకో వైపు కొంప మునుగుతుంది.

ముందు డేగ. చిలక బీరువాలోకి వెళ్ళేముందు అందరినీ అడిగింది.

"చప్పుడు చేయరుగా?"

"ఏంటే ఆ మాట," అంది కుట్టుమిషన్ దగ్గరి నుంచి అక్క. సోఫా కవర్లు కుట్టడం అక్క పని. "నువ్వు చదువుతుంటే ఏనాడైనా సూది కింద పడేశామా?"

"నువ్వు రికార్డింగ్‌లో ఉంటే నేను ఊపిరి కూడా ఒక ముక్కుతోనే పీలుస్తా," అన్నాడు మావయ్య.

అది నిజమేనని చిలకకు తెలుసు. పెద్దాయనతో చేసిన రికార్డింగుల్లో హోరు తప్ప ఇంకేమీ లేదు. చెంచా కూడా మోగలేదు. ఇంత మర్యాద తెలిసిన ఇల్లు ఇంకోటి ఉండదని ఆమె స్నేహితుల దగ్గర గొప్పలు చెప్పుకునేది.

బీరువా తలుపు మూసి, డేగ లాప్‌టాప్ తెరిచింది. ఎంత నిశ్శబ్దమంటే తన కనురెప్పలు వాలుతున్న చప్పుడు తనకే వినిపించింది. తుఫాను అధ్యాయం గాలి ఊదినట్టు సాగింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒళ్ళు మరిచి, ఓడ ఎక్కి, కెప్టెన్ అయిపోయి, చివరి పేజీకి గొంతు తడారేదాకా చదివింది. మళ్ళీ వినకుండానే పంపేసింది. అంత నమ్మకం.

చెవులమ్మ ఫోన్ వచ్చినప్పుడు అందరూ హాల్లోనే ఉన్నారు. చిలక స్పీకర్ పెట్టింది.

"విమానం పోయిందమ్మా, సంతోషం," అంది చెవులమ్మ. "కానీ తుఫాను మొదలవగానే వెనకాల ఎవరో నీళ్ళు పుక్కిలిస్తున్నారు."

"అది సముద్రమై ఉంటుందండీ," అన్నాడు మావయ్య వినయంగా.

"సముద్రం చివర్లో ఉమ్మదండీ."

అందరూ బావ వైపు చూశారు. బావ ఏం తిన్నా అరగంట పుక్కిలిస్తాడు. వృత్తిధర్మం.

"ఇంకోటి. కెప్టెన్ పాపం నావికులందరినీ పోగేసి 'నన్ను నమ్మండి' అంటాడు కదా. వెంటనే ఒక పెద్దావిడ 'వాణ్ణి నమ్మకే అమ్మాయీ, వాడికి ఇంకో సంసారం ఉంది' అంటోంది. నవలలో అలా లేదమ్మా. నేను ఏడు భాగాలూ చదివాను."

అమ్మమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "నేను టీవీ చూసేటప్పుడు దాంతో మాట్లాడతాననుకో. కానీ ఇది రికార్డింగ్‌లో ఉంటే టీవీ కట్టేస్తానే. ఎప్పుడూ కట్టేస్తా."

"నేను కూడా నీళ్ళు నోట్లోనే ఆపుకుంటాను," అన్నాడు బావ. "దీనికి ఒకటే అర్థం మావయ్యగారూ. తప్పు మీ డేగది. ఎప్పటెప్పటి చప్పుళ్ళో దాచిపెట్టుకుని ఇప్పుడు కక్కుతోంది."

"చప్పుళ్ళు దాచుకునే మెదడా?"

"అందుకే ఎనిమిదిమంది చాలరన్నాను."

చిరుత వంతు వచ్చింది. అందరూ మళ్ళీ ప్రమాణం చేశారు. అమ్మమ్మ తన మోకాళ్ళ మీద ఒట్టేసింది, ఆవిడకు వాటికంటే విలువైనవి లేవు. చిలక మళ్ళీ బీరువా ఎక్కి, మళ్ళీ తుఫానులో తడిసి, మళ్ళీ పంపింది.

ఈసారి చెవులమ్మ ఫోన్ చేసి ముందు నిట్టూర్చింది.

"కెప్టెన్ 'తెరచాప దించండి' అని అరుస్తాడమ్మా. దానికి ఒకాయన 'క్లచ్ వదలండి మేడమ్, మెల్లిగా, మెల్లిగా, అయ్యో గోడ' అంటున్నాడు."

మావయ్య పైకప్పు వైపు చూడడం మొదలుపెట్టాడు. పాఠాలు సరిగ్గా ఒంటబట్టని వాళ్ళకు ఆయన ఫోన్లో కూడా కారు నడిపిస్తాడు.

"ఆ తర్వాత ఇంకో పది పేజీలు టకటకటక మోటారు. అది తెరచాప ఓడమ్మా. మోటారు ఇంకా కనిపెట్టలేదు."

అక్క కుట్టుమిషన్ మీద మెల్లిగా గుడ్డ కప్పింది.

"చూడు తల్లీ, నాకు నీ గొంతు కావాలి. మీ కుటుంబం వద్దు. శుక్రవారం సాయంత్రం దాకా చూస్తాను. అప్పటికీ రాకపోతే ఇంకొకరికి ఇచ్చేయమన్నారు పైవాళ్ళు."

ఫోన్ పెట్టేసింది. ఇల్లంతా చిన్నబోయింది. బావే ముందు తేరుకున్నాడు.

"ఇప్పటి మెదళ్ళలో తెలివి ఎక్కువ మావయ్యగారూ. అదంతట అదే మాట్లాడుతుంది."

"నా గొంతుతోనా?"

"దొరికిన గొంతుతో."

"మరి గోడ సంగతి దానికెలా తెలుసు అల్లుడుగారూ?"

ఒకరు ఇంకొకరి పక్షాన్ని ఓడించడానికి కావాలని గోల చేశారని ఇద్దరూ అనుమానపడ్డారు. ఆ అనుమానాన్ని చాలా మర్యాదగా చెప్పుకున్నారు. కాఫీలు వేరువేరు గదుల్లో తాగారు.

చిలక మాత్రం తన గదిలో మంచం మీద కూర్చుంది. ఆమెకు కోపం కూడా రాలేదు. వాళ్ళ ముఖాలు చూస్తే అబద్ధమాడినట్టు లేదు. లిఫ్టు కంపెనీ నుంచి మెసేజీ వచ్చి ఉంది. కొత్త భవనానికి నాలుగు వాక్యాలు కావాలట. అందులో పెద్దది "తలుపులకు ఆనుకుని నిలబడరాదు." సరే, తలరాత లిఫ్టులో ఉంటే సముద్రంలో ఎలా తేలతాం అనుకుంది.

పాత లిఫ్టు వాక్యాలు పెద్దాయన లోపల ఉన్నాయి. వాటిని ఒకసారి విందామని పెద్దాయనను బల్ల మీద పెట్టి రికార్డింగ్ ప్రోగ్రాం తెరిచింది. అవి పైకి రావడానికే ఆయనకు ఆయాసం. ఫ్యాను లేచింది. పిల్లి గురక. పిండిమర. హోరు.

ఆయన ఆలోచించుకునే లోపు మంచినీళ్ళు తాగి వద్దామని చిలక హాల్లోకి వచ్చింది. వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

ఇల్లు బొమ్మల కొలువులా ఉంది. అక్క కుట్టుమిషన్ చక్రాన్ని అరచేత్తో అదిమిపట్టి ఉంది, గుడ్డ సగం కుట్టి ఉంది. మావయ్య ఫోన్‌ను ఛాతీకి హత్తుకుని నిలబడ్డాడు, ఆ ఫోన్లో ఎవరో సన్నగా "సార్, ఇప్పుడు బ్రేకా? సార్?" అంటున్నారు. అమ్మమ్మ చేతిలో రిమోటు. టీవీలో బొమ్మ కదులుతోంది, మాట లేదు, అమ్మమ్మ పెదాలు మాత్రం చప్పుడు లేకుండా ఎవర్నో తిడుతున్నాయి. బావ వాష్‌బేసిన్ దగ్గర బుగ్గలు పూరించుకుని, కళ్ళు తేలేసి, నీళ్ళు ఉమ్మకుండా నిలబడ్డాడు. ఆ నిలబడడంలో ఒక వీరుడి కళ ఉంది.

"ఏమైంది?" అంది చిలక.

నలుగురూ ఒకేసారి వేలు పెదాల మీద పెట్టుకున్నారు. అమ్మమ్మ కళ్ళతోనే గదివైపు చూపించి, గొంతు రాకుండా "రికార్డింగ్" అంది.

"ఎవరు?"

"నువ్వే," అన్నాడు మావయ్య గుసగుసగా.

"నేను ఇక్కడున్నాను కదా మావయ్యా."

మావయ్య ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత గది వైపు చూశాడు. రెండు చోట్లా ఉండే వీలుందేమో కాసేపు ఆలోచించాడు.

"పెద్దాయన మోగుతున్నాడుగా మరి," అంది అమ్మమ్మ.

చిలక మెల్లిగా గదిలోకి వెళ్ళి పెద్దాయన మూత మూసింది. హోరు తగ్గింది. పిండిమర, పిల్లి గురక, ఇంకేమీ లేదు. మరుక్షణం హాల్లో మిషన్ టకటకమంది, బావ వాష్‌బేసిన్‌లోకి ఒక చిన్న జలపాతాన్ని వదిలాడు, "బ్రేకే మేడమ్, అది బ్రేకే," అన్నాడు మావయ్య, "చచ్చినాడా, బాగా అయింది," అంది అమ్మమ్మ టీవీతో.

మూత తెరిచింది. హోరు లేచింది. ఇల్లు చచ్చినట్టు పడుకుంది.

మూసింది. లేచింది.

ఎవరూ ఎప్పుడూ ఆ నియమం పెట్టలేదు. గడ్డిలో నడవగా నడవగా కాలిబాట పడ్డట్టు దానంతటదే పడింది. పెద్దాయన మోగితే చిలక చదువుతోందని అర్థం. మోగకపోతే లేదని అర్థం. ఇన్నాళ్ళూ ఆ హోరే ఆమె రికార్డింగ్‌ను పాడు చేసింది. ఇన్నాళ్ళూ ఆ హోరే దాన్ని కాపాడింది కూడా. ఫ్యాను లేని లాప్‌టాప్ తలుపేసుకుని మౌనంగా పని మొదలుపెడితే, ఆమె చదువుతోందో పడుకుందో తెలియక పాపం వాళ్ళు హాయిగా పుక్కిలించారు.

చిలకకు నవ్వు పొర్లుకొచ్చింది. కానీ ఇంత మంచి బొమ్మ చేతికి దొరికాక వెంటనే నిజం చెప్పడం ఆమె రక్తంలో లేదు. పెద్దాయన మూత తెరుస్తూ మూస్తూ ఇంటిని కాసేపు హార్మోనియంలా వాయించింది. తెరిస్తే మౌనం, మూస్తే గోల. అక్క సోఫా కవరు మీద కుట్టు నత్తిగా పడింది. చివరికి బావే గుమ్మంలోకి వచ్చాడు, గ్లాసు పట్టుకుని.

"ఏమే మరదలా, రికార్డింగా కాదా? ఏదో ఒకటి తేల్చు. ఈ లెక్కన నేను చెరువు మింగేలా ఉన్నాను."

అప్పుడు చెప్పింది. అందరూ విన్నారు. విన్నాక మావయ్యా బావా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అయితే తప్పు డేగది కాదన్నమాట," అన్నాడు మావయ్య.

"చిరుతది కూడా కాదు," అన్నాడు బావ, కాస్త నిరాశగా.

"అల్లుడుగారూ, ఆ పుక్కిలింపు మాత్రం అద్భుతం. నిజంగా సముద్రమనుకున్నా."

"మీ గోడ కూడా బాగా పండింది మావయ్యగారూ."

అలా రాజీ కుదిరింది. కానీ పని కుదరలేదు. చిలక లోపలికి వెళ్ళినప్పుడల్లా గుర్తుగా తలుపుకు ఒక అట్ట వేలాడదీశారు. ఎవరూ చూడలేదు. మావయ్య తన కారు నుంచి ఊడదీసి ఎర్ర లైటు పెట్టాడు. దాన్ని చూసి బావ ఆగి, పచ్చ లైటు కోసం ఎదురుచూసి, రాకపోయేసరికి మామూలుగా పుక్కిలించాడు. కళ్ళకు చెబితే ఈ ఇంట్లో ఎవరికీ ఎక్కదు. చెవులకు చెప్పాలి, అది కూడా ఆ ఒక్క గొంతుతోనే.

"ఈయన్ని ఇక్కడే మోగించండిరా," అంది అమ్మమ్మ, ఖాళీ ఒడిని సర్దుకుంటూ. కొత్తవి వచ్చినప్పటి నుంచి ఆవిడ మోకాళ్ళను పట్టించుకున్నవాళ్ళు లేరు. "పిల్ల అక్కడ చదువుకుంటుంది, ఈయన ఇక్కడ అరుస్తాడు. సగం హోరు నా ఒడి మింగుతుంది, మిగతాదానికి నడుమ రెండు తలుపులు, బీరువా, బొంతలు ఉన్నాయి. ఈ వయసులో ఈయన అరుపు అంత దూరం వినపడదులే."

నిజంగానే వినపడలేదు. చిలక బీరువాలో కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి విని చూసింది. ఏమీ లేదు.

చిక్కల్లా రికార్డింగ్ ప్రోగ్రాం కొత్తవాటికి మారిపోయాక పెద్దాయన ఊరికే మోగడు. కష్టమైన పని ఏదైనా అప్పజెప్పాలి. దానికి మావయ్యా బావా సిద్ధమయ్యారు. మావయ్య డేగ గొప్పలు చెప్పే వీడియోలన్నీ తెరిచాడు. పిల్లి గురక దాటలేదు. బావ చిరుత గొప్పలన్నీ తెరిచాడు. అదీ అంతే. చివరికి రెండూ ఒకేసారి తెరిచారు. పక్కపక్కనే డేగ రెక్కలు విప్పింది, చిరుత దూకింది, వేగాలూ కోర్లూ గీతలూ తెర నిండా ఎగబాకాయి, పెద్దాయన నడుం బిగించి హోరెత్తాడు. డేగా చిరుతా కలిసి ఒక మంచి పని చేయడం అదే మొదలు. మావయ్య కళ్ళు చెమర్చాయని బావ తర్వాత చెప్పాడు. అది వేడి గాలి వల్లనని మావయ్య చెప్పాడు.

ఇక మిగిలింది ఏది కొనాలన్నది. చిలక ఎవరినీ అడగలేదు. రెండు లాప్‌టాప్‌లూ బీరువాలోకి తీసుకెళ్ళి ఒకే పేజీ రెంటిలోనూ చదివింది. విన్నది. మళ్ళీ విన్నది. పన్నెండుమంది పనివాళ్ళకూ ఎనిమిదిమందికీ తేడా తుఫానులో ఎక్కడా తెలియలేదు. ఇద్దరూ సమానంగా తడిశారు. ఒక్కటే తేడా. ఒకదాని మూత తెరిస్తే కీచుమంది. రెండోది అనలేదు. ఇన్నేళ్ళ యుద్ధం ఆ కీచుతో ముగిసిపోయింది. కీచుమననిదాన్ని ఉంచుకుని, దాని మీది స్టిక్కరు గోటితో ఊడదీసి, ఆ చోట ఆకుపచ్చ చిలక బొమ్మ ఒకటి అంటించింది. రెండోది అట్టపెట్టెలో పెట్టి తనే షాపుకు తిరిగి ఇచ్చేసింది. రెండూ ఒకే బూడిద రంగు, ఒకే మందం. లోపల చూద్దామంటే పాస్‌వర్డు ఉంది. అదేమిటో ఆమె నిద్రలో కూడా చెప్పదు. షాపాయన కూడా చెప్పడు, ఆయన దంతం ఇంకా సగంలోనే ఉంది.

"ఏది ఉంచావే?" అన్నాడు మావయ్య.

"చిలకని."

"అది కాదు, లోపల?"

"లోపల కూడా నేనే మావయ్యా."

మావయ్య దాని మీద చెయ్యేసి చూసి, "ఈ చురుకు డేగదే," అని తృప్తిగా వెళ్ళిపోయాడు. బావ ఒంటిగా దొరికినప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈ నడుము చిరుతకి తప్ప ఇంకెవరికి వస్తుంది," అనుకున్నాడు. ఇద్దరూ ఇంకొకరి మనసు నొప్పించడం ఇష్టంలేక గెలుపును గుట్టుగా ఉంచుకున్నారు. దాంతో ఇంట్లో ఎన్నడూ లేనంత శాంతి.

శుక్రవారం పొద్దున అమ్మమ్మ హాల్లో వాలుకుర్చీలో కూర్చుని పెద్దాయనను ఒళ్ళోకి తీసుకుంది. డేగా చిరుతా తెరుచుకున్నాయి. హోరు లేచింది. ఇల్లు నిలిచిపోయింది. రెండు తలుపుల అవతల, బొంతల నడుమ, చిలక ఓడ ఎక్కింది. తుఫాను వచ్చింది. తెరచాపలు చిరిగాయి. కెప్టెన్ నన్ను నమ్మమన్నాడు, ఈసారి ఎవరూ అడ్డు చెప్పలేదు. మధ్యాహ్నానికల్లా పంపేసింది.

సాయంత్రం ఊరికే కూర్చోలేక లిఫ్టు కంపెనీవాళ్ళ నాలుగు వాక్యాలు చదివేద్దామని మళ్ళీ బీరువాలో దూరింది. హాల్లో పెద్దాయన మళ్ళీ మోగాడు. "తలుపులకు ఆనుకుని" అన్నంతలో జేబులో ఫోన్ వణికింది.

"ఏమ్మా, ఇవాళ ఇంట్లో ఒక్కదానివే ఉన్నావా?" అంది చెవులమ్మ.

"లేదండీ. ఐదుగురం."

"ఐదుగురున్న ఇంట్లో ఇంత నిశ్శబ్దమా? ఏమైనా గొడవలు పడ్డారా తల్లీ?"

"లేదండీ. గొడవ పడేవాళ్ళే కలిసిపోయారు."

చెవులమ్మ నవ్వింది. ఆవిడ నవ్వుతుందని కంపెనీలో కూడా ఎవరికీ తెలియదు. "ఏడు భాగాలూ నీవే. సోమవారం మొదలుపెట్టు. కెప్టెన్ బాగున్నాడమ్మా, నాకు కూడా నమ్మాలనిపించింది."

చిలక బీరువాలోంచి ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. ఒక బొంత కాళ్ళకు చుట్టుకుని హాలుదాకా వచ్చింది. హాల్లో పెద్దాయన హోరుమంటున్నాడు. అక్క చక్రం పట్టుకుని, మావయ్య ఫోన్ కౌగిలించుకుని, బావ బుగ్గలు నింపుకుని, ఎవరి స్థానాల్లో వాళ్ళు.

"వచ్చింది," అంది చిలక. "ఏడూ నాకే."

ఎవరూ అరవలేదు. పెద్దాయన మోగుతున్నాడు కదా. అక్క శబ్దం లేకుండా ఎగిరి శబ్దం లేకుండా దిగింది. మావయ్య చేతులు రెండూ పైకెత్తి మునివేళ్ళ మీద గుండ్రంగా తిరిగాడు. ఆయన ఛాతీ మీద ఫోన్ "సార్, గోడ వచ్చేసింది సార్," అంటూనే ఉంది. బావకు నవ్వొచ్చింది, నోట్లో నీళ్ళున్నాయి, కళ్ళలోంచి వచ్చాయి. ముగ్గురూ అమ్మమ్మ వైపు చూసి, ఆపవే తల్లీ, ఆపు అని సైగలు చేశారు.

అమ్మమ్మ ఆపే మీట నొక్కింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. చిలకకు అలవాటు కాబట్టి మునివేళ్ళ మీద వెళ్ళి, గుసగుసగా పైకి చదివింది.

"అప్‌డేట్ జరుగుతోంది. దయచేసి ఆపవద్దు."

నిలబడ్డారు. మావయ్య బావ భుజం మీద చెయ్యేశాడు. బావ మావయ్య భుజం మీద వేశాడు. చిలక, అక్క ఒకే బొంతలో చేరారు. అమ్మమ్మ రెండు మోకాళ్ళూ వెచ్చబడి, కళ్ళు మూసుకుని నవ్వుకుంటూ ఉంది. తెర మీద తెల్లగీత జరుగుతోంది, ఆగుతోంది, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ జరుగుతోంది. సంతోషం పాలపొంగులా అందరి గొంతుల్లోనూ అంచుదాకా వచ్చి నిలబడింది.

హోరు పిండిమరైంది. పిండిమర పిల్లి గురకైంది. గురక ఆగింది.

ఆ తర్వాత ఆ ఇంట్లోంచి వచ్చిన చప్పుడు ఎంతటిదంటే, కింది ఇంటాయన ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకుండా గోధుమల మూట భుజానికెత్తుకుని పైకి పరుగెత్తుకొచ్చాడు.